రెక్క జారిన ఏడాది

మా కొండల్లో ఏ బరువైనా చివరికి భుజం మీదికే వస్తుంది. చింతపండు సంతకు దిగాలన్నా, పోడు నుంచి సామలు ఇంటికి చేరాలన్నా, పెళ్ళికి వంటచెరకు రావాలన్నా ముందు వెతికేది మంచి కావిడి బద్ద. ఆ తరువాత దాని కింద పెట్టడానికి ఒక భుజం. పల్లపు ఊళ్ళలో ఆటో ఉంది, ట్రాక్టరు ఉంది. మాకు నడక ఉంది. ఏళ్ళ తరబడి కావిడి మోసిన మగవాళ్ళ మెడ పక్కన చర్మం దళసరిగా కాయకట్టి ఉంటుంది. చిన్నప్పుడు దాన్ని తడిమి చూసి, అది మాకెప్పుడు వస్తుందా అని ఎదురుచూసేవాళ్ళం. అది వస్తేనే పెద్దవాళ్ళమైనట్టు లెక్క.

రెక్కాడితే గాని డొక్కాడదని సామెత. ఆ సామెత మా ఇంట్లో ఒక ఏడాదిపాటు ఉన్నదున్నట్టు జరిగింది. మా ఇంటి పెద్ద కొడుకు, మా అన్న కుడి భుజం కీలు తప్పింది. ఆ ఏడాది మేము పడిన పాట్లు, ఆసుపత్రిలోనూ మా ఊరి పెద్దల దగ్గరా తెలుసుకున్న సంగతులు మన పిల్లలకూ వాళ్ళకు చదువు చెప్పే మాస్టార్లకూ పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాం.

అది శ్రావణమాసం. రెండు రోజులుగా వాన విడవలేదు. పై గూడెం నుంచి నెలలు నిండిన ఒక ఆడకూతురిని డోలీలో రోడ్డు దాకా దింపాలి. దారి ఆరు కిలోమీటర్లు, మధ్యలో గెడ్డ. ఆరుగురు మనుషులు, ఇద్దరిద్దరు వంతులేసుకుని మోస్తున్నారు. గెడ్డ దాటేటప్పుడు ముందు కర్ర అన్న భుజం మీద ఉంది. పాచి పట్టిన రాయి మీద కాలు జారింది. కర్ర వదిలేస్తే డోలీ నీళ్ళలో పడుతుంది. అన్న కర్రను చేత్తో పైకెత్తి పట్టుకునే మోకాళ్ళ మీద పడ్డాడు. బరువంతా ఆ ఎత్తిన చేతిమీదికి వచ్చింది. వెనకవాళ్ళు ఒక్క దూకులో వచ్చి కర్ర అందుకున్నారు. తల్లికి ఏమీ కాలేదు. ఆ రాత్రే ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. అన్న చెయ్యి మాత్రం భుజం దగ్గర వేలాడిపోయింది.

కీలు తప్పిన భుజాన్ని ఒకసారి చూస్తే మరి మరిచిపోలేం. గుండ్రంగా ఉండాల్సిన భుజం పైభాగం చదునుగా, పెట్టె మూలలాగా అయిపోయింది. దాని కింద గుంట పడింది. చంక ముందు వైపు ఒక ఉబ్బు. అన్న ఎడమ చేత్తో కుడి మోచేతిని మోసుకుంటూ కూర్చున్నాడు. ఆ చెయ్యి కాస్త కదిలినా ఒళ్ళంతా చెమట పట్టేసింది. డోలీ మోసినవాళ్ళలో ఒక మామ, చంకలో మడమ ఆనించి చెయ్యి గట్టిగా గుంజితే అదే కూర్చుంటుందని ముందుకొచ్చాడు. అలా ఎవరికో కూర్చుందని ఆయన చూశాడట.

ఆ గుంపులోనే మా చిన్నతాత ఉన్నాడు. చుట్టుపక్కల పది ఊళ్ళలో విరిగిన ఎముకకు వెదురు దబ్బలతో కట్టు కట్టేది ఆయనే. ఆయన ముందుగా రెండు భుజాలనూ పక్కపక్కన చూశాడు. చేతివేళ్ళు ఆడించమన్నాడు. మణికట్టు దగ్గర నాడి పట్టాడు. గడ్డిపరక తీసుకుని జబ్బకు బయటి వైపు రాసి, తెలుస్తోందా అని అడిగాడు. తెలియడం లేదన్నాడు అన్న. తాత మామను పక్కకు జరగమన్నాడు. “కీలు తప్పింది. లోపల ముక్క విరిగిందో లేదో నా వేళ్ళకు కనబడదు. విరిగి ఉంటే గుంజగానే నరమో రక్తనాళమో తెగుతుంది. ఇది ఫోటో తీసి చూసి చేసే పని” అన్నాడు. ఫోటో అంటే ఎక్స్‌రే. తలపాగా విప్పి చేతిని ఉన్నది ఉన్నట్టుగా ఛాతీకి చేర్చి కట్టాడు. చేతి కడియం తీయించాడు. వాపు వచ్చాక కడియం రాదు, కోసి తీయాల్సి వస్తుంది.

తాత చేసిన ఆ నాలుగు పనులు ఏ పాఠశాల గోడమీదైనా రాసి పెట్టుకోదగ్గవి. చేతిని ఉన్న స్థితిలోనే కదలకుండా కట్టడం, గుంజకపోవడం, వేళ్ళ కదలికా నాడీ స్పర్శా చూడడం, బిగుతుగా ఉండే నగలు తీయడం. ఆసుపత్రిలో తరువాత మాకు చెప్పిన మాట ఇంకొకటి ఉంది. మత్తుమందు ఇవ్వాల్సి రావచ్చు గనుక దారిలో కడుపునిండా అన్నం పెట్టకూడదు. ఎంత త్వరగా చేరిస్తే అంత మంచిది. గంటలు గడిచేకొద్దీ చుట్టూ ఉన్న కండలు బిగుసుకుపోయి, కీలు లోపలికి పోవడం కష్టమవుతుంది.

రోడ్డు దగ్గరికి వచ్చిన అంబులెన్సులోనే నొప్పులు పడుతున్న తల్లి పక్కన అన్నను కూర్చోబెట్టాం. ఆసుపత్రిలో ముందు ఎక్స్‌రే తీశారు. ఎముక విరగలేదు. నొప్పి తగ్గి మగతగా ఉండడానికి సూది వేశారు. డాక్టరు ఎక్కడా కుదుపు లేకుండా, నెమ్మదిగా చేతిని లాగుతూ తిప్పుతూ ఉంటే కొన్ని నిమిషాలకు టక్కున శబ్దం వచ్చింది. అన్న ముఖంలో అప్పటిదాకా ఉన్న బిగువు ఒక్కసారిగా వదిలింది. మళ్ళీ ఎక్స్‌రే తీసి, కీలు సరిగా కూర్చుందని చూసుకున్నాక చేతిని జోలెకట్టులో వేసి మెడకు తగిలించారు.

భుజమే ఎందుకు ఇలా జారుతుందో ఆ డాక్టరు చెప్పిన తీరు మాకు బాగా నాటింది. తుంటి కీలు రోట్లో పెట్టిన రోకలి లాంటిది. లోతుగా కూర్చుంటుంది, అంత తేలిగ్గా బయటికి రాదు. భుజం కీలు చుట్టకుదురు మీద పెట్టిన కుండ లాంటిది. దండచేతి ఎముక తల పెద్దది, గుండ్రంది. వీపు పైన ఉండే రెక్క ఎముకలో దానికి ఉన్న గుంట చిన్నది, లోతు లేనిది. అందుకే చేతిని చెట్టెక్కడానికీ, విల్లు ఎక్కుపెట్టడానికీ, వెనక బుట్ట సర్దుకోవడానికీ అన్ని వైపులా తిప్పగలం. ఆ వెసులుబాటుకు మనం చెల్లించే ధర ఏమిటంటే, ఒంట్లో పెద్ద కీళ్ళన్నిటిలోనూ ఎక్కువగా జారేది ఇదే. కుండ పడిపోకుండా చుట్టూ పట్టి ఉంచేవి నాలుగు చిన్న కండలు, వాటి నారలు, కీలు చుట్టూ ఉండే సంచి లాంటి పొర. చెయ్యి పైకెత్తి బయటికి తిప్పి ఉన్నప్పుడు బరువు పడితే ఆ పొర ముందు వైపు చిరిగి, ఎముక తల ముందుకు జారుతుంది. డోలీ కర్ర ఎత్తి పట్టుకుని పడిన మనిషికి జరిగేది సరిగ్గా అదే. కబడ్డీలో చెయ్యి చాపి పట్టుకోబోయిన పిల్లవాడికీ అదే.

జబ్బ మీద గడ్డిపరక ఎందుకు తెలియలేదో కూడా అక్కడే తెలిసింది. భుజం కీలు కిందుగా ఒక నరం చుట్టుకుని పోతుంది. ఎముక జారినప్పుడు అది సాగి దెబ్బతింటుంది. దానివల్ల జబ్బ బయటి వైపు అరచేయంత మేర స్పర్శ పోతుంది, చేతిని పక్కకు ఎత్తే పెద్ద కండ నీరసిస్తుంది. చాలామందిలో కొన్ని వారాలకో నెలలకో అది తిరిగి వస్తుంది, కొందరిలో పూర్తిగా రాదు. అన్నకు వస్తుందా రాదా అన్నది అప్పుడే ఎవరూ చెప్పలేరు. ఇంటికి తిరిగి వస్తూ దారంతా మేము ఆ సంగతే ఆలోచించాం.

మొదటి మూడు వారాలు జోలెకట్టులోనే గడిచాయి. పగలు ఎలాగో గడిచేది గాని రాత్రిళ్ళు గడిచేవి కావు. వెల్లకిలా పడుకుంటే మోచెయ్యి వెనక్కి వాలి భుజం లాగేస్తుంది. అందుకని గోడకు రెండు బస్తాలు ఆనించి, సగం కూర్చున్నట్టుగా పడుకోబెట్టేవాళ్ళం. మోచేతి కింద పాత చీర మడత పెట్టేవాళ్ళం. ఈ చిన్న మార్పుతో అన్నకు నిద్ర పట్టింది. మొదటి రెండు మూడు రోజులు ఐసు పెట్టమన్నారు. మా ఊళ్ళో ఐసు ఎక్కడిది? గెడ్డ నీళ్ళలో ముంచిన గుడ్డ పావుగంట చొప్పున వేసేవాళ్ళం. ఆ రోజుల్లో వేడి కాపడం గాని, నూనె మర్దన గాని చేయకూడదు. కొత్త దెబ్బ మీద వేడి వాపును పెంచుతుంది. వేళ్ళూ మణికట్టూ మోచెయ్యీ మాత్రం రోజూ ఆడించాలి. లేకపోతే భుజం బాగయ్యేలోగా అవి పట్టేస్తాయి.

నొప్పికి ఆసుపత్రిలో ఇచ్చినవి కొద్దిరోజుల మాత్రలే. అవి అయిపోయాక, మోటారుసైకిలు మీద ఊళ్ళు తిరుగుతూ సూదులు వేసే ఒకాయన వచ్చి ఒక్క ఇంజెక్షనుతో నొప్పి ఎగిరిపోతుందన్నాడు. వదిన ఆ మందు పేరు కాగితం మీద రాసిమ్మంది. ఆయన రాసివ్వలేదు, ఆమె వేయనివ్వలేదు. నొప్పి తగ్గించే కొన్ని మందులు ఖాళీ కడుపున వేసుకుంటే కడుపులో పుండు పడుతుంది, వారాల తరబడి వాడితే మూత్రపిండాలు చెడతాయి. పేరు తెలియని సూది వేయించుకోకూడదన్న వదిన పట్టుదల మా అందరికీ నచ్చింది.

మందుకంటే కష్టమైనది ఇంకొకటి వచ్చిపడింది. రాత్రి నొప్పికి అన్న సారా వైపు చూడడం మొదలుపెట్టాడు. మనిషి మాట తగ్గిపోయింది. పిల్లలు దగ్గరికి వస్తే విసుక్కునేవాడు. నీళ్ళ కడవలు, కట్టెలమోపులు, పోడు పని, అన్నీ వదిన మీద పడ్డాయి. ఒకరోజు ఆమె కడవ దించి, “నీ భుజం ఒకటే జారింది. నాకు రెండూ జారేలా ఉన్నాయి” అంది. మగవాడి భుజానికి దెబ్బ తగిలితే ఆ బరువు ఇంట్లో ఆడవాళ్ళ తలమీదికి మారుతుంది. ఆ సంగతి ఏ ఆసుపత్రి చీటీలోనూ రాసి ఉండదు. ఆ రాత్రి నుంచి అన్న సారా జోలికి పోలేదు. నొప్పి మాత్రల మీద సారా తాగితే కడుపుకీ కాలేయానికీ రెట్టింపు చేటని ఆరోగ్య కార్యకర్త కూడా వచ్చి చెప్పింది.

మూడు వారాలకు జోలెకట్టు విప్పితే చెయ్యి సన్నబడి ఉంది. భుజం కొయ్యబారి ఉంది. ఫిజియోథెరపిస్టు దగ్గరికి వారానికి మూడుసార్లు రమ్మన్నారు. రానూపోనూ ఛార్జీలు, తోడు వచ్చే మనిషి కూలి లెక్కేసుకుంటే మాకు నెలకొకసారి కుదిరింది. ఆ మాట చెబితే ఆమె విసుక్కోలేదు. మీ ఇంట్లో ఏమేమున్నాయో చెప్పండి అని అడిగింది. దూలం ఉంది, తాడు ఉంది, గోడ ఉంది, కావిడి బద్ద ఉంది అన్నాం. వాటితోనే వ్యాయామాలు కట్టి ఇచ్చింది.

మొదటిది ఊగు. ఎడమ చెయ్యి మంచం మీద ఆనించి ముందుకు వంగి, కుడి చేతిని వేలాడనిచ్చి, ఆవు మెడలో గంటలాగా నెమ్మదిగా ముందుకూ వెనక్కీ, తరువాత చిన్న సున్నా చుడుతున్నట్టుగా ఊపాలి. రెండోది గోడ పాకుడు. గోడకు ఎదురుగా నిలబడి, వేళ్ళను సాలీడు పాకినట్టు పైకి నడిపించి, ఆగిన చోట కాసేపు ఉంచి, మళ్ళీ దించాలి. మూడోది తాడు. దూలం మీదుగా వేసిన తాడును రెండు చేతులా పట్టుకుని, మంచి చెయ్యి లాగుతూ ఉంటే దెబ్బతగిలిన చెయ్యి దానంతట అదే లేస్తుంది. నాలుగోది కావిడి బద్ద. వెల్లకిలా పడుకుని రెండు చేతులతో పట్టుకుని తల మీదుగా ఎత్తాలి. ఐదోది గుమ్మం. మోచెయ్యి వంచి ద్వారబంధానికి చెయ్యి ఆనించి, కదలకుండా పది అంకెలు లెక్కించే దాకా నొక్కి వదలాలి. కీలును పట్టి ఉంచే చిన్న కండలకు ఇది బలం. ఒక్కొక్కటి పదేసి సార్లు, రోజుకు మూడు పూటలు. చేతిని పక్కకు ఎత్తి బయటికి తిప్పే కదలిక మాత్రం చెప్పేదాకా చేయకూడదు. మళ్ళీ జారేది అక్కడే.

ఎంత నొప్పి దాకా చేయాలన్నది అందరికీ వచ్చే ప్రశ్న. లాగినట్టుగా ఉండి, ఆపిన కాసేపటికి తగ్గిపోతే మంచిదే. కత్తితో పొడిచినట్టు ఉన్నా, ఆ నొప్పి మర్నాటికీ మిగిలినా ఎక్కువైందని అర్థం, కొంచెం తగ్గించాలి. ఈ దశలో చిన్నతాత వావిలాకు వేసి కాచిన నీళ్ళతో కాపడం పెట్టించాడు. వేడికి కండ వదులైతే వ్యాయామం తేలికయ్యేది. నల్లేరు పట్టు వేస్తావా అని మేము అడిగితే, “అది విరిగిన ఎముకకు మా తాతలు వేసేవాళ్ళు. నీ అన్నకు ఎముక బాగానే ఉంది, రోజూ చెయ్యి ఆడించడమే మందు” అన్నాడు. ఎంతవరకు తన పనో తెలిసిన వైద్యుడి మీద మాకు గౌరవం పెరిగింది. పుత్తూరు కట్టుకు తెలుగునాట ఎంతో పేరుంది. మన కొండల్లోనూ మంచి కట్లు కట్టే చేతులున్నాయి. ఎక్స్‌రే చూసి, నాడి చూసి, బిగుతు లేకుండా కట్టే చెయ్యి ఎవరిదైనా మంచిదే. కట్టు కట్టాక వేళ్ళు నల్లబడినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా ఆ క్షణమే విప్పి ఆసుపత్రికి పోవాలి. రక్తం ఆడక చెయ్యే పోయే ప్రమాదం ఉంది.

నాలుగో తరగతి చదివే అన్న కూతురు గోడ పాకుడికి లెక్క పెట్టింది. ప్రతి ఆదివారం వేళ్ళు ఆగిన చోట బొగ్గుతో గీత గీసి పక్కన తేదీ వేసేది. మొదటి గీత బొడ్డు ఎత్తున పడింది. తరువాత ఐదు ఆదివారాలు గీతల మీద గీతలే పడ్డాయి గాని పైకి పోలేదు. నరం సంగతి తెలిసినవాళ్ళం గనుక ఎవ్వరమూ పైకి అనలేదు. ఆరో ఆదివారం గీత బెత్తెడు లేచింది. ఆ తరువాత ఒక తెల్లవారుజామున అన్న ఉలిక్కిపడి లేచి, జబ్బ మీద చీమ పాకుతోంది అన్నాడు. దీపం తెచ్చి చూస్తే నిజంగానే చీమ. దాన్ని ఎవరూ చంపలేదు.

అప్పటికి కాఫీ కోతలు దగ్గర పడ్డాయి. మా వైపు నవంబరు నుంచి పండు కోయాలి. ఆలస్యమైతే పండు రాలిపోతుంది. ఇంటర్ రెండో ఏడు చదువుతున్న తమ్ముణ్ణి హాస్టలు నుంచి పిలిపిద్దామన్న మాట ఇంట్లో వచ్చింది. ఒక్క ఏడాదే కదా అన్నారు నాన్న. ఆ ఒక్క ఏడాది కోసం ఇంటికొచ్చి మళ్ళీ బడి ముఖం చూడని పిల్లలు మా ఊళ్ళో ఇంటికొకరున్నారు. ఆ మాట అన్నవాడు అన్నే. “నా భుజం పోతే పోయింది, వాడి చదువు దాని వెంట పంపొద్దు” అన్నాడు.

దారి ఊరే చూపించింది. ఆ డోలీలో కాన్పుకు వెళ్ళిన తల్లి ఇంటివాళ్ళు, డోలీ మోసిన మిగతా ఐదుగురూ ఒక సంత రోజు సాయంత్రం వచ్చి కూర్చున్నారు. బదులు పని మన దగ్గర ఎప్పుడూ ఉన్నదే. ఒకరి పొలానికి అందరూ పోవడం, తరువాత అన్ని రోజులూ తిరిగి ఇవ్వడం. వాళ్ళు ఇంటికి ఇన్ని రోజులని పంచుకున్నారు. వదిన పుస్తకంలో రాసిపెట్టింది. మొత్తం 41 రోజులు. కోత అయింది, మిరియాలు కూడా దిగాయి. తమ్ముడు పరీక్ష రాశాడు. ఆ 41 రోజులనూ మరుసటి ఏడాది మేము అందరం కలిసి తీర్చాం. జనవరికల్లా అన్న కూడా తోటలోకి వచ్చి కింది కొమ్మల పండు ఎడమ చేత్తో కోశాడు.

చైత్రమాసం ఇటుకల పండగ నాటికి గోడ మీద గీత తలను దాటింది. చివరిదాకా మొండికేసింది మాత్రం చెయ్యి వెనక్కి పోవడం. వీపు వెనక తువాలు పట్టుకుని ఒక చేత్తో పైకి, ఒక చేత్తో కిందికి లాగే వ్యాయామం దానికోసమే. థింసాలో పక్కవాళ్ళ నడుం వెనకగా చెయ్యి పోనిచ్చి పట్టుకోవాలి కదా. ఆ పండగకు అన్న చెయ్యి అక్కడిదాకా పోయింది, ఒక వరస ఆడి పక్కకు వచ్చి కూర్చున్నాడు. ఇప్పటికీ పూర్తి బలం రాలేదు. కుడి భుజం మీద డోలీ కర్ర పెట్టడు. ఒకసారి జారిన భుజం మళ్ళీ జారవచ్చు. ముఖ్యంగా ఇరవై ఏళ్ళలోపు కుర్రవాళ్ళలో ఆ ప్రమాదం చాలా ఎక్కువ. పదేపదే జారుతుంటే చిరిగిన పొరను ఆపరేషనుతో కుట్టాల్సి వస్తుంది. ప్రభుత్వ ఆరోగ్య పథకం దానికి వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలో అడగాలి. డోలీ బయల్దేరితే అన్న ఇప్పుడు టార్చిలైటు పట్టుకుని ముందు నడుస్తాడు. ఏ రాయి కదులుతుందో, ఎక్కడ వంతు మార్చాలో ఆయనే చెబుతాడు.

భుజం నొప్పులన్నీ దెబ్బవల్ల వచ్చేవి కావు. వదిన వాళ్ళ అమ్మకు ఏ దెబ్బా లేకుండానే భుజం నెలల తరబడి నొప్పి పెట్టి, తరువాత బిగుసుకుపోయి, జుట్టు ముడి వేసుకోలేని స్థితి వచ్చింది. దీన్ని పట్టేసిన భుజం అంటారు. నలభై నుంచి అరవై ఏళ్ళ మధ్యవాళ్ళకూ, చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకూ ఎక్కువగా వస్తుంది. ఆమెకు పరీక్ష చేస్తే చక్కెర ఉన్నట్టు అప్పుడే బయటపడింది. ఇది తగ్గడానికి ఏడాదికి పైనే పట్టవచ్చు. ఓపికగా కదిలిస్తూ ఉండాలి. ఎడమ భుజం, దవడ లాగుతూ ఛాతీ బరువెక్కి చెమటలు పడితే అది గుండె సంగతి కావచ్చు, కాపడాలు పెడుతూ కూర్చోకూడదు.

మాస్టార్లు ముఖ్యంగా గమనించాల్సింది ఇంకొకటి ఉంది. మన గిరిజన జాతుల్లో సికిల్ సెల్ రక్తహీనత ఎక్కువ. ఎర్రకణాలు కొడవలి ఆకారానికి తిరిగి సన్నని రక్తనాళాల్లో అడ్డుపడతాయి. ఎముకకు రక్తం అందక నొప్పులు వస్తాయి. ఏళ్ళు గడిస్తే తుంటి కీలు, భుజం కీలు ఎముకల తలలు చచ్చుబడిపోవచ్చు. దెబ్బ లేకుండా తరచూ ఎముకలూ కీళ్ళూ నొప్పి అనే పిల్లవాడు, కళ్ళు పచ్చబడే పిల్లవాడు, తొందరగా అలసిపోయే పిల్లవాడు బద్ధకస్తుడు కాదు. వాడికి రక్తపరీక్ష చేయించాలి. కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. 40 ఏళ్ళలోపు వయసున్న 7 కోట్ల మందికి పరీక్షలు చేయడం, 2047 నాటికి జబ్బును నిర్మూలించడం దాని లక్ష్యాలు. మన బడికి పరీక్ష బృందం వచ్చినప్పుడు ఒక్క పిల్లవాడూ తప్పిపోకుండా చూడడం మాస్టారి చేతిలో పని.

బరువు సంగతి కూడా చెప్పుకోవాలి. బడి సంచి పిల్లవాడి బరువులో పదో వంతు దాటకూడదని 2020 నాటి బడిసంచి విధానం చెబుతోంది. ఒక మగమనిషి మోసే బరువు 55 కిలోలు దాటితే దాన్ని తగ్గించే ఏర్పాటు చేయాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. మన కుర్రవాళ్ళు పందెం వేసుకుని అంతకు మించిన బస్తా ఎత్తుతారు. భుజం మీద కాయ చూసి మురిసిపోయే రోజులు మావి. మన పిల్లలకు ఆ మురిపెం నేర్పవద్దు. నొప్పి అంటే సిగ్గుపడకుండా మొదటి రోజే చెప్పడం నేర్పాలి. కబడ్డీ ఆడించే ముందు పది నిమిషాలు చేతులూ భుజాలూ వేడెక్కే కసరత్తు చేయించాలి. కీలు తప్పిన పిల్లవాణ్ణి మూడు వారాలకే మళ్ళీ కోర్టులోకి దింపకూడదు.

మా ఊళ్ళో ఇప్పుడు డోలీ గుడ్డతో పాటు మూడు మూలల గుడ్డలు నాలుగు, ఒక టార్చిలైటు, ఒక పొడవాటి తాడు ఒక సంచిలో పెట్టి ఉంచుతున్నాం. గెడ్డ దాటేటప్పుడు ఇద్దరు కాదు, నలుగురు కర్ర పట్టాలని తీర్మానించుకున్నాం. అలిసిపోయేదాకా ఆగకుండా వంతు మారాలని కూడా అనుకున్నాం. ఇవన్నీ పనికొచ్చేవే. కాని మా భుజాలకు అసలైన మందు రోడ్డు. ఆ ఆరు కిలోమీటర్లకు రోడ్డు అడుగుతూ మేము పెట్టుకున్న దరఖాస్తు మీద గోడ గీతలు గీసిన ఆ పిల్లే మొదటి సంతకం చేసింది. అన్న కుడి చేత్తో రెండోది పెట్టాడు.